క్లిక్ మన్నంత మాత్రాన బిగిసినట్టు కాదు

ఇన్‌టేక్ మానిఫోల్డ్ నట్లు బిగించడం మీద లిటరరీ క్లబ్ పత్రికలో వ్యాసమేంటి అని అడిగేవాళ్లకి ముందే చెప్తున్నా: డిజైన్ ఆఫ్ మెషీన్ ఎలిమెంట్స్‌లో మనం పరీక్ష కోసం బట్టీ పట్టే ఒక చిన్న ఫార్ములా మీద ఒక బండి బతుకు ఆధారపడింది. సీఎస్ఈ వాళ్లు కూడా భయపడకుండా చదవచ్చు, లెక్క ఒక్కటే ఉంది.

బండి మా పెదనాన్నగారి అంబాసిడర్ మార్క్ 4. దాంట్లోది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ వాళ్ల బి-సిరీస్ కుటుంబం. అదే కుటుంబంలో 1798 సీసీ తమ్ముడు ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారుకి ఎక్కాడు. మనవాడు పెళ్లికొడుకుల్ని మోశాడు, అంతే తేడా. ఈ బండి హైవే మీద బాగానే పోతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఒక షెడ్డులో చూపిస్తే "రింగులు పోయాయి, ఇంజన్ దించాలి" అన్నారు. ఆ ఖర్చు విని పెదనాన్న పాత ఇనుము కొనేవాళ్లతో బేరం మొదలెట్టేశారు.

రింగులు పోతే కంప్రెషన్ పడిపోవాలి కదా. గేజ్ పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ప్లగ్గులు విప్పితే 1, 2 గోధుమ రంగులో చక్కగా ఉన్నాయి. 3, 4 మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తెలుపంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా చెడిపోవడం యాదృచ్ఛికం కాదు. బి-సిరీస్ హెడ్‌కి ఇన్‌టేక్ దారులు నాలుగు ఉండవు, రెండే. ఒకటి 1, 2 సిలిండర్లకి, ఇంకోటి 3, 4కి. అంటే రెండో దారి జాయింటు దగ్గర బయటి గాలి దొంగతనంగా లోపలికి పోతోందన్నమాట.

మరి హైవే మీద ఎందుకు తెలియలేదు? ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, మానిఫోల్డ్ లోపలి పీడనం బయటి గాలి పీడనంలో సగం కంటే తక్కువకి పడిపోతుంది. ఇంజన్ తాగే గాలే కొంచెం, అందులో చిన్న కన్నం కూడా పెద్ద వాటా అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే లోపలి పీడనం పెరుగుతుంది, అసలు దారిన బోలెడు గాలి వస్తుంది, కన్నం లెక్కలోకి రాదు.

నిర్ధారణకి ఒక రబ్బరు గొట్టం చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర జాయింటు వెంట తిప్పా. మూడో సిలిండర్ పక్కకి రాగానే స్స్ మని ఈల. సందేహం ఉంటే అక్కడ స్ప్రేతో కాసిని నీళ్లు కొట్టండి, ఐడ్లింగ్ ఒక్క క్షణం మారుతుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టేవాళ్లూ ఉన్నారు. పక్కనే కాలే ఎగ్జాస్ట్ పెట్టుకుని మండే ద్రవం చల్లడం నాకైతే ధైర్యం చాలదు.

"నట్లు వదులేమో, ఇంకో పట్టు పట్టు" అన్నారు పెదనాన్న. ఎంజీబీ మాన్యువల్లో ఈ నట్లకి ఇచ్చిన టార్క్ 15 పౌండ్-అడుగులు, అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు. రెంచ్ పెట్టి చూస్తే ప్రతి నట్టూ క్లిక్ మంటోంది. బిగువు సరిగ్గానే ఉంది, గాలి మాత్రం పోతోంది!

ఇక్కడే మన ఫార్ములా. టార్క్ = K × వ్యాసం × బిగింపు బలం. స్టడ్ వ్యాసం 5/16 అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు. పొడి మరలకి K సుమారు 0.2 అనుకుంటే బలం 12,600 న్యూటన్లు. దాదాపు ఒక అంబాసిడర్ బరువంత, ఒక్క స్టడ్ మీద. అదే మరలకి నూనె రాసి K 0.15కి దిగిందనుకోండి, అదే క్లిక్‌కి 16,800 వస్తుంది. మనం తిప్పే శ్రమలో పదో వంతు మాత్రమే బిగింపుగా మారుతుంది, మిగతాదంతా రాపిడి తినేస్తుంది. రెంచ్ కొలిచేది తిప్పుడుని, బిగింపుని కాదు. మాన్యువల్ పొడిగా అంటే పొడిగానే ఉంచాలని అందుకే అంటారు.

కానీ మా దొంగ నూనె కాదు, వాషర్. ఈ ఇంజన్లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు, పక్కపక్కనే ఉంటాయి. మధ్య స్టడ్ల మీద ఒకే మందపాటి పెద్ద వాషర్ సగం ఇన్‌టేక్ అంచు మీద, సగం ఎగ్జాస్ట్ అంచు మీద కూర్చుని రెంటినీ నొక్కుతుంది. రెండు అంచుల మందం సమానంగా ఉంటే బలం పంచుకుంటాయి. ఒకటి మందంగా ఉంటే వాషర్ వాలిపోయి బలమంతా దానికే ఇస్తుంది. రెండోది గ్యాస్కెట్ మీద ఊరికే ఆనుకుని ఉంటుంది. నట్టుకి ఇవేమీ తెలియవు, క్లిక్ మంటుంది. వెర్నియర్ పెడితే ఎగ్జాస్ట్ అంచు 0.4 మిల్లీమీటర్ ఎక్కువ తేలింది. ఎప్పుడో పగిలితే వేరే మానిఫోల్డ్ కొనివేశారట.

రెండు దార్లు: పలచటి వైపు షిమ్ వెయ్యడం, లేదా మందపాటి అంచుని వాషర్ కూర్చునే చోట అరగదీయడం. నేను రెండోది చేశా. ఫస్ట్ ఇయర్ ఫిట్టింగ్ సెక్షన్లో చెమటలు కక్కుతూ చేసిన ఫైలింగ్ జీవితంలో మొదటిసారి పనికొచ్చింది.

బిగింపు విషయానికొస్తే, ఇంజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకేసి, స్కేలూ ఫీలర్ గేజూ పెట్టి ముఖాలు వంగాయేమో చూడండి. కొత్త గ్యాస్కెట్ పొడిగా వేయాలి, సిలికాన్ పూయకండి, ఎగ్జాస్ట్ వేడికి అది మాడిపోతుంది. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించాలి. తర్వాత మధ్య నుంచి మొదలెట్టి ఇటొకటి అటొకటి చివరలకి వెళ్లాలి: మొదటి చుట్టు 5, రెండోది 10, మూడోది 15. చివరల నుంచి మొదలెడితే మధ్యలో ఉబ్బు ఇరుక్కుంటుంది. నట్టుకి అర అంగుళం సాకెట్టే వాడండి. 13 పానా పట్టినట్టే ఉంటుంది గానీ అర అంగుళమంటే 12.7, ఇత్తడి నట్టు మూలలు గుండ్రమైపోతాయి. హెడ్ బోల్టుల కోసం కొన్న పెద్ద టార్క్ రెంచ్ కూడా వద్దు, దాని స్కేలు అడుగున ఉండే అంకెల్ని నమ్మలేం. నెమ్మదిగా లాగండి, క్లిక్ వినగానే ఆపండి. రెండో క్లిక్ కోసం ఆశపడితే స్టడ్ విరుగుతుంది, హెడ్‌లో విరిగిన స్టడ్ తియ్యడం వేరే వ్యాసం.

ఒకసారి బాగా వేడెక్కించి, రాత్రంతా చల్లారనిచ్చి మళ్లీ అదే వరసలో చూడండి. వేడికి అల్యూమినియం, స్టీలు స్టడ్ కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, గ్యాస్కెట్ నలిగి సర్దుకుంటుంది. మర్నాడు పొద్దున్న మా మధ్య నట్లు రెండు క్లిక్‌కి ముందు కాస్త తిరిగాయి. కార్బొరేటర్ స్క్రూల జోలికి ఆ తర్వాతే వెళ్లాం. ఈల ఉండగా ఎవరో మిశ్రమాన్ని చిక్కగా తిప్పి కప్పెట్టారు. ఇప్పుడు ముప్పావు చుట్టు వెనక్కి తిప్పితే గానీ పొగ తగ్గలేదు.