దీపం కాచినవారి కష్టాలు



చెన్నై హైకోర్టు ఆవరణలో ఎత్తైన రాతి స్తంభం ఒకటి ఉంది. 1844 నుండి 1894 వరకు మద్రాసు లైట్‌హౌస్ అదే. దాన్ని మొదటిసారి చూసినప్పుడు, రాత్రంతా మేలుకొని ఆ దీపాన్ని కాచిన మనిషి ఎలా బతికాడో తెలుసుకోవాలనిపించింది. 19వ శతాబ్దపు లైట్‌హౌస్ కాపలాదారుల గురించి అప్పటినుండి చదివిన సంగతులు కొన్ని ఇక్కడ చెబుతాను.

మొదటి ప్రమాదం సముద్రం. అమెరికాలో బోస్టన్ దగ్గర మైనట్స్ లెడ్జ్ అనే బండపై, ఇనుప కాళ్ళమీద కట్టిన లైట్‌హౌస్ 1850లో వెలిగింది. 1851 ఏప్రిల్ తుఫానులో అది కూలి, లోపలున్న ఇద్దరు సహాయకులు మరణించారు. తరువాత అక్కడే గ్రానైట్ రాతితో కట్టి 1860లో వెలిగించారు. అది నేటికీ నిలిచి ఉంది.

రెండవది ఒంటరితనం. వేల్స్ తీరానికి దూరంగా ఉన్న స్మాల్స్ లైట్‌హౌస్‌లో ఇద్దరే ఉండేవారు. సుమారు 1801లో ఒకరు చనిపోయారు. శవాన్ని సముద్రంలో వదిలితే తానే చంపాడంటారేమోనని రెండవవాడు భయపడ్డాడు. పెట్టె చేసి, శవాన్ని అందులో ఉంచి బయట కట్టాడు. తుఫానుల వల్ల వారాల తరబడి పడవ రాలేదు. అయినా అతను దీపాన్ని ఆరనివ్వలేదు. ఆ తరువాతనే ముగ్గురిని నియమించే పద్ధతి వచ్చింది.

మూడవది కంటికి కనబడదు. ఒక లీటరు నూనె మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా వెలువడుతుంది, కార్బన్ డై ఆక్సైడ్ కూడా వస్తుంది. మూసిన గదిలో ఆ ఆవిరి అద్దాలపై పేరుకొని వెలుతురు తగ్గేది. కాపలాదారు ఆ చెడిన గాలినే పీల్చేవాడు. బ్రిటన్ లైట్‌హౌస్‌లను చూసే ట్రినిటీ హౌస్‌కు 1836లో సలహాదారుగా చేరిన మైకేల్ ఫారడే, ఆ వాయువులను గొట్టం ద్వారా బయటకు పంపే ఏర్పాటు చేశాడు.

శతాబ్దం చివర బరువైన కటకాలను పాదరసంపై తేల్చి తిప్పసాగారు. అవి తేలికగా తిరిగేవి గాని, పాదరసపు ఆవిరి నరాలను మెల్లగా దెబ్బతీస్తుంది. ఒక సౌకర్యం వెంట కొత్త ప్రమాదం వచ్చింది.

ఫారడే కమ్మరి కొడుకు. బడిచదువు తక్కువ. 14వ ఏట పుస్తకాల బైండింగ్ దుకాణంలో పనికి కుదిరి, అక్కడికి వచ్చిన పుస్తకాలు చదివే సైన్సు నేర్చాడు.

మన వెంబకోట్టై, శివకాశి ప్రాంతంలో అగ్గిపెట్టెల పనికి, బాణసంచా పనికి వెళ్ళే అమ్మానాన్నలు ఎందరో ఉన్నారు. విద్యార్థులారా, ఈ రాత్రి వారిని అడగండి: పనిచేసే గదికి తలుపులెన్ని? గాలి ఎటునుండి వస్తుంది? ఒక గదిలో ఎంతమంది కూర్చుంటారు? తల్లిదండ్రులారా, "ఆ పనే అంత" అని ఆ ప్రశ్నలను ఆపకండి. ఆ మాటతో ఊరుకోని వారివల్లనే లైట్‌హౌస్‌లో మూడవ మనిషి, పొగగొట్టం వచ్చాయి. రేపు మన పనిచోట్లకు అలాంటి మార్పు తెచ్చేవారు ఈ పత్రిక చదివే పిల్లల్లోనే ఉండవచ్చు.