గుడ్డు పెంకు, నల్ల నూనె – బండికి ఇంధనం

మన వంటింట్లో గుడ్డు పెట్టిన రోజు పెంకులు మిగులుతాయి. పూరీలు చేసిన రోజు నల్ల నూనె మిగులుతుంది. ఈ రెండింటినీ ఉపయోగించి డీజిల్‌కి బదులు వాడే ఇంధనం చెయ్యొచ్చు. దాని పేరు బయోడీజిల్. నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను.

నూనెతో ఇంజను నడపడం కొత్త కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనుని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. కానీ వంటనూనె చిక్కన. అలాగే పోస్తే కొన్నాళ్లకి ఇంజనులో మడ్డి కడుతుంది. అందుకే దాన్ని మార్చాలి.

తయారీ: ఒక కొమ్మకి మూడు కాయలు కాసినట్టు, నూనె అణువులో ఒక గ్లిసరిన్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. మిథనాల్ అనే ద్రవం పోసి, సుమారు 60 డిగ్రీల వేడిలో బాగా కలియబెడితే ఆ మూడూ ఊడి మిథనాల్‌తో కలుస్తాయి. గ్లిసరిన్ బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది. పైన తేలేదే బయోడీజిల్.

మరి పెంకు ఎందుకు? ఈ చర్య దానంతట అది చాలా నెమ్మదిగా జరుగుతుంది. త్వరగా జరగాలంటే ఉత్ప్రేరకం కావాలి. ఫ్యాక్టరీల్లో సోడియం హైడ్రాక్సైడ్ లాంటివి వాడతారు. అది కరిగి కలిసిపోతుంది, తర్వాత కడగడానికి నీళ్లు చాలా ఖర్చు. గుడ్డు పెంకులో నూటికి 90 పాళ్ల పైన కాల్షియం కార్బొనేట్ ఉంది. పెంకుల్ని కడిగి, ఎండబెట్టి, దంచి, సుమారు 900 డిగ్రీల కొలిమిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. అదే పొడిసున్నం. ఊళ్లో ముసలివాళ్లు నత్తగుల్లలు కాల్చి సున్నం చేస్తారు చూడండి, అక్కడా జరిగేది ఇదే చర్య! ఈ సున్నం నూనెలో దాదాపు కరగదు. వడకట్టి మళ్లీ కొన్నిసార్లు వాడొచ్చు.

జాగ్రత్తలు:
1. మిథనాల్ విషం. తాగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. దాని ఆవిరి తొందరగా అంటుకుంటుంది. కాబట్టి ఇది హాస్టల్లో చేసే ప్రయోగం కాదు.
2. వాడిన నూనెలో నీళ్లు, విడిపోయిన ఆమ్లాలు ఎక్కువుంటే ఇంధనం బదులు సబ్బు తయారవుతుంది. ముందు నూనెని వడకట్టి, తడి పోగొట్టాలి.

మనం చెయ్యగలిగింది: మళ్లీ మళ్లీ కాచిన నూనె ఒంటికి మంచిది కాదు. అందులో చెడిన పదార్థాలు 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018 జూలై 1 నుంచి దేశమంతా నియమం ఉంది. ఆ ఏడాదే ఆగస్టులో వాడిన నూనె సేకరించి బయోడీజిల్‌కి పంపే పథకం మొదలైంది.

వార్డెన్ మేడంగారికి మనవి. నల్లబడిన నూనె మళ్లీ మన కూరలోకి రాకుండా, కాలవలోకి పోకుండా ఒక డబ్బాలో పోయించండి. నిండాక సేకరించేవాళ్లకి ఇద్దాం. పెంకులు దంచి కూరపాదులకి వెయ్యడం మేం చూసుకుంటాం.

– 9వ తరగతి విద్యార్థిని