తీపి ఎంత? ఎన్నిసార్లు?

బోధన్‌లో చక్కెర మిల్లు వెలసిన పేట పేరు శక్కర్‌నగర్. 1930వ దశకంలో అక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొన్నది. నిజాంసాగర్ నీటితో చుట్టూ చెరుకు పండింది. 2015లో మిల్లు మూతపడింది. మరి చెరుకు నేల పిల్లలకు తీపి మీద మోజు ఎక్కువగా ఉంటుందా?

తీపి మీద ఇష్టం ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు. పుట్టిన బిడ్డ నాలుకకు ఏ దేశంలోనైనా తీపే నచ్చుతుంది. తల్లిపాలు కూడా తియ్యగానే ఉంటాయి కదా! కాని ఎంత తీపి కావాలి, ఎప్పుడు కావాలి అన్నవి ఇంటి అలవాటును బట్టి ఏర్పడతాయి. పసితనంలో చక్కెర నీళ్ళు పట్టిన పిల్లలు రెండేళ్ళ వయసులో కూడా వాటిని మిగతావారికంటే ఎక్కువగా తాగారని 1980వ దశకంలో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన తెలిపింది.

ఇక పళ్ళ సంగతి. మన పళ్ళను అంటుకొని ఉండే పాచిలో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. మనం తిన్న చక్కెరను అవి కొద్ది నిమిషాల్లోనే ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పింగాణి పొరలోని ఖనిజాలను కరిగిస్తుంది. లాలాజలం దానిని విరిచి, ఖనిజాలను తిరిగి చేర్చడానికి అరగంటో గంటో పడుతుంది. ఈలోగా ఇంకో చాక్లెట్ నోట్లో వేసుకుంటే? మరమ్మతు ఆగి, కరగడం మళ్ళీ మొదలవుతుంది. బెల్లం మంచిదే కదా అంటారు కొందరు. పంటికి ఆ తేడా తెలియదు. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే.

1940వ దశకంలో స్వీడన్‌లోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో దీనిని పరీక్షించారు. భోజనంతో పాటు చక్కెర తిన్నవారికి పళ్ళు అంతగా పుచ్చలేదు. భోజనాల మధ్య జిగురు టాఫీలు తిన్నవారికి విపరీతంగా పుచ్చాయి. ఆ టాఫీలు తిన్నది మానసిక వైకల్యం గల రోగులు. వారి సమ్మతి ఎవరూ అడగలేదు. జ్ఞానం దక్కింది గాని, దక్కిన తీరు తలవంచుకోవలసినదే. తరువాత ఆ దేశంలో పిల్లలకు మిఠాయి శనివారం మాత్రమే ఇవ్వడం ఆచారమైంది.

మన బతుకమ్మ మలీద కూడా అటువంటిదే. అది పండుగనాడు వస్తుంది, పండుగతో పోతుంది. బడి పక్క దుకాణంలోని చాక్లెట్‌కు పండుగతో పని లేదు.

మీ ఇంట్లో ఆరేడేళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే నోరు తెరిపించి చూడండి. పాలపళ్ళ వెనుక, చివరన కొత్తగా వచ్చిన పెద్ద దవడపన్ను కనిపిస్తుంది. చాలామంది దానినీ పాలపన్ను అనుకొని, ఊడి మళ్ళీ వస్తుందిలే అని వదిలేస్తారు. అది ఊడితే మళ్ళీ రాదు.