పదిహేడు గంటల దూరం

అక్క ఉద్యోగానికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినప్పటి నుంచీ ఇంట్లో రెండు ప్రశ్నలు. నాన్న "ఎష్టు దూర?" అని కిలోమీటర్లు అడుగుతారు. అమ్మ మాత్రం "అవసరమొస్తే ఎంతసేపట్లో రాగలదే?" అంటుంది. జవాబు కోసం గ్లోబు ముందు కూర్చున్నాను.

గోడ మీది మ్యాపులో దారి పసిఫిక్ సముద్రం మీదుగా ఉన్నట్టు కనిపిస్తుంది. గ్లోబు మీద దారం బిగించి చూస్తే ఉత్తరధ్రువం పక్కగా పోతుంది. కారణం రేఖాంశాలు. బెంగళూరు సుమారు 78 డిగ్రీల తూర్పు, ఆ ఊరు 122 డిగ్రీల పడమర. కలిపితే 200. సరిగ్గా 180 అయితే రెండూ భూమికి చెరోవైపు ఎదురెదురు రేఖల మీద ఉన్నట్టు. మనది దానికి దగ్గరే కాబట్టి ధ్రువం వైపే అడ్డదారి. దూరం సుమారు 14,000 కిలోమీటర్లు.

2021 జనవరి 9, శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి అక్కడ బయల్దేరిన ఎయిరిండియా విమానం ధ్రువం మీదుగానే బెంగళూరు వచ్చింది. పైలట్లందరూ ఆడవాళ్ళే. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి వారిలో ఇద్దరు. దిగేసరికి సోమవారం తెల్లవారుజాము మూడు. అంటే ముప్ఫైన్నర గంటలా? కాదు. చలికాలంలో మన గడియారం వాళ్ళకన్నా పదమూడున్నర గంటలు ముందుంటుంది. అది తీసేస్తే 17 గంటలు.

అమ్మకి చెప్పాను. "అంతేనా! మా కాకినాడకి రైల్లో పోయినా అంతకన్నా ఎక్కువే" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

టికెట్టు దొరకడం, సెలవు దొరకడం ఈ లెక్కలో లేవు. ఆ మాట నేను చెప్పలేదు.