నేలకు చెల్లింపవలసిన విశ్రాంతి
వాక్యపాఠము: లేవీయకాండము 25:1-7, 23

ప్రియులారా, విశ్రాంతిదినమును గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. అది మనుష్యునికిని, వాని పశువునకును ఇయ్యబడినదని యెరుగుదుము. నేలకు కూడ విశ్రాంతి కలదన్న అధ్యాయము వచ్చునప్పటికి మాత్రము, అది యూదుల సేద్యపు కట్టడ యని తలంచి పుట త్రిప్పివేయుదుము.

ఈ కట్టడను నిదానముగా చదువుడి. ఆరు సంవత్సరములు విత్తి కోసికొన్నవాడు ఏడవయేట నేలను ఊరక విడువవలెను. బీడు పెట్టిన పొలము మరుసటియేట బాగుగా పండునని మన రైతులకును తెలియును. అయితే ఈ యేడు వచనములలో ఆ లాభము మాట లేదు. ఆ విశ్రాంతి దేవుని పేరట నేల ఆచరింపవలసినది. ఆ యేట తనంతట పండినది యజమానునికి, దాసదాసీలకు, కూలివానికి, పరవాసికి, పశువులకు, అడవిమృగములకు ఆహారము. అడవిమృగమును కూడ అదే పంక్తిలో కూర్చుండబెట్టుట మనకు వింతగా తోచును. దీనికి కారణము 23వ వచనములో నున్నది: భూమి దేవునిది, ఇశ్రాయేలీయులు ఆయనయొద్ద కాపురమున్న పరవాసులు. పట్టా యెవరి పేరట నున్నను ఈ మాట మారదు. ఆదికాండము 2:15లో ఆదాము తోటలో చేయవలసిన పనిని తెలుపు హెబ్రీ క్రియకు సేవచేయుట అను అర్థము కూడ కలదు.

ఈ పాఠమును మన ప్రాంతములో ఎక్కడ కూర్చుండి చదువవలెనని యడిగినచో, కొల్లేటి గట్టున అని మేము చెప్పుదుము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లములో నున్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేటి గుండ మెల్లగా సముద్రమునకు పంపుట దాని పని. ఆ పనికి ఎవరును కూలి యీయలేదు. వలవేసి బ్రదుకు వడ్డివారును, గూడబాతులును, చలికాలమున దూరదేశములనుండి వచ్చు పక్షులును ఆ నీటినే నమ్ముకొని యుండిరి.

తరువాత సరస్సులోనే గట్లు పోసి చేపలచెరువులు చేసిరి. నీరు పరచుకొను చోటు తగ్గెను. 1999లో 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో ఆ సరస్సు రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో ప్రభుత్వము వేలకొలది ఎకరముల చెరువుల గట్లను తెగగొట్టించెను. గాని కొన్నిచోట్ల గట్లు మరల లేచినవి.

గట్లు తెగిన దినములలో కూలి పోగొట్టుకొన్నవారి కన్నీరు నిజమైనదే. పక్షి ముఖ్యమా, మనుష్యుడు ముఖ్యమా యని వారడిగిరి. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అయితే హోషేయ 4:1-3 చూడుడి. అక్కడ ప్రవక్త యెత్తిచూపిన పాపములు అబద్ధము, హత్య, దొంగతనము; అన్నియు మనుష్యుల మధ్య జరిగినవే. దుఃఖించినది దేశము, నశించినవి మృగములు, పక్షులు, చేపలు. అందరిదైన నీటిని కొందరు పంచుకొన్నప్పుడు వడ్డివాని వలయు, పక్షి గూడును ఒక్కసారే పోయెను. వారిద్దరికిని తగవు లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇండ్లు మునిగెను. దానిని దేవుని శిక్ష యనుటకు మాకు నోరు రాదు; మునిగినవారిలో బీదలెందరో యుండిరి. నీటికి చోటు లేకుండ చేసినచో అది మన యిండ్లలోనే చోటు వెదకికొనునని మాత్రము చెప్పగలము.

మనకు మరింత దగ్గరి మాట యొకటి కలదు. చెరువు కౌలు సొమ్ములో దశమభాగము కానుకపళ్లెములో పడినప్పుడు మనము సంతోషముతో ప్రార్థించి పుచ్చుకొంటిమి. ఆ చెరువు ఎవరి నీటిలో త్రవ్వబడెనో అడుగలేదు. ఇచ్చినవానిని నొప్పింతుమేమో యని వెరచితిమి. ఈ నెల సంఘపెద్దల కూటములో ఈ మాట యెత్తవలెనని కోరుచున్నాము.

వచ్చు నెల పాఠమునకు ద్వితీయోపదేశకాండము 20:19-20 చదువుకొని రండి. పట్టణమును ముట్టడివేసిన సైనికుడు గొడ్డలి చేతబట్టుకొని పండ్లచెట్టు నెదుట నిలిచినప్పుడు వానికియ్యబడిన ఆజ్ఞ అందు కలదు.