కొత్త కంప్యూటర్ ఆలస్యంగా ఎందుకు లేస్తుంది?



నేటి చదువులో కంప్యూటర్ లేనిదే అడుగు ముందుకు పడదు. ఒకప్పుడు పెన్నుతో వృత్తాలు నింపి రాసిన ఎంసెట్‌ను 2018 నుంచి కంప్యూటర్ ముందు కూర్చునే రాస్తున్నాం. ఈఏపీసెట్ అని పేరు మారినా పద్ధతి అదే. స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఈ-పాస్ ద్వారానే వేయాలి. అందుకే చాలామంది విడిభాగాలు కొని, డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను తామే బిగించుకుంటున్నారు. ఇలా చేస్తే పైసలు మిగులుతాయి, పనీ వస్తుంది.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అన్నీ కొత్త భాగాలే, అయినా బటన్ నొక్కితే తెర నల్లగానే ఉంటుంది. రెండు నిమిషాలైనా బొమ్మ రాదు. "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి" అని ఎవరో ఒకరు అంటారు. జనగామ వాళ్లు రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తిరిగి పోవాలి. మహబూబాబాద్ వాళ్లకు ఆ రైలు ప్రయాణం ఇంకా దూరం. భూపాలపల్లికైతే రైలే లేదు, పరకాల మీదుగా హన్మకొండకు బస్సులో పోవాల్సిందే. బాగున్న బోర్డును మోసుకుని తిరిగితే ఒక రోజు కూలి, చార్జీలు, చదువుకునే సమయం అన్నీ దండగ. కాబట్టి ఆలస్యం ఎక్కడ జరుగుతుందో ముందు తెలుసుకుందాం.

కంప్యూటర్ ఎలా మేల్కొంటుంది?

మన హాస్టల్ ఉదయాన్ని గుర్తుచేసుకోండి. గంట కొట్టాలి, అందరూ లేవాలి, హాజరు పిలవాలి, ఆ తర్వాతే టిఫిన్, ఆ పైన స్టడీ అవర్. స్టడీ అవర్ ఆలస్యమైందంటే తప్పు వంట మనిషిదే అనలేం. పని హాజరు దగ్గరే ఆగి ఉండవచ్చు.

కంప్యూటర్ కూడా అంతే. బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ "కరెంటు సరిగ్గా ఉంది" అని సంకేతం ఇస్తుంది. అప్పుడు ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. ఆ క్షణంలో ర్యామ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి, తొలి ఆదేశాలను మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్ నుంచి తీసుకుంటుంది. ఆ చిప్‌లోని ప్రోగ్రామ్‌నే మనం బయోస్ అంటాం. ఇప్పటి బోర్డుల్లో దాని కొత్త రూపమైన యూఈఎఫ్ఐ ఉంటుంది. అది ర్యామ్, గ్రాఫిక్స్, కీబోర్డు, డిస్కులు ఉన్నాయో లేదో చూస్తుంది. ఇదే హాజరు. తర్వాత విండోస్‌ను గాని లైనక్స్‌ను గాని డిస్కు నుంచి ర్యామ్‌లోకి తెస్తుంది. చివరగా మనం పెట్టుకున్న ప్రోగ్రాములు తెరుచుకుంటాయి.

ముందు కొలవండి

చేతి గడియారం గాని ఫోన్‌లోని స్టాప్‌వాచ్ గాని తీసుకుని మూడు సమయాలు రాసుకోండి. ఒకటి, బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద మొదటి బొమ్మ వచ్చేదాకా. రెండు, అక్కడి నుంచి పాస్‌వర్డ్ అడిగేదాకా. మూడు, పాస్‌వర్డ్ కొట్టాక మౌస్ చెప్పినట్టు వినేదాకా.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో స్టార్టప్ పేజీ పైన "లాస్ట్ బయోస్ టైమ్" అని సెకన్లు కనిపిస్తాయి. విండోస్ మొదలయ్యేలోపు బయోస్ తీసుకున్న సమయం అదే.

ఇంకో మెలిక ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే పద్ధతి ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని, మరుసటిసారి అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. అందుకని రెండు విధాలా కొలవండి.

మొదటి భాగంలో ఆలస్యమైతే

కొత్త కంప్యూటర్లలో ఎక్కువమందిని భయపెట్టేది ఇదే. దీనికి ముఖ్య కారణం డీడీఆర్-5 ర్యామ్. 4800 వేగం గల ర్యామ్‌లో ఒక్కో తీగ మీద సెకనుకు 480 కోట్ల సార్లు సమాచారం పోతుంది. అంటే ఒక్కో బిట్‌కు దొరికే సమయంలో కాంతి కూడా దాదాపు 6 సెంటీమీటర్లే ప్రయాణించగలదు. తీగల పొడవులో కొద్ది తేడా ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకే బోర్డు ఒక్కో తీగను పరీక్షించి సమయం సరిచేసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ర్యామ్ మార్చినప్పుడు, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఇది కొన్ని నిమిషాలు పట్టవచ్చు. బోర్డు మీద డీర్యామ్ అనే చోట చిన్న లైటు వెలుగుతుంటే కరెంటు తీయకండి. తీస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు. పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి.

ప్రతిరోజూ ఇలాగే ఆలస్యమైతే మాత్రం సరిచేయాలి. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ గాని మెమరీ ఫాస్ట్ బూట్ గాని ఉంటే ఆన్ చేస్తే, నిన్నటి ట్రైనింగ్ ఫలితాన్నే నేడు వాడుకుంటుంది. ఆ తర్వాత కంప్యూటర్ మధ్యలో ఆగిపోతుంటే దాన్ని ఆపేయండి. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అనే అదనపు వేగాలు పెట్టి ఉంటే తీసి చూడండి. కొత్త బయోస్ వేయడం కూడా చాలాసార్లు పనిచేస్తుంది. కాని ఆ పని మధ్యలో కరెంటు పోతే బోర్డు పాడవుతుంది కాబట్టి యూపీఎస్ లేకుండా చేయవద్దు.

పెన్‌డ్రైవ్ పెట్టి మరిచిపోయినా, బూట్ వరుసలో నెట్‌వర్క్ ముందున్నా ఆలస్యమే. విండోస్ ఉన్న డిస్కును మొదటి స్థానంలో పెట్టండి.

పాత బోర్డు కొన్నవారు నాణెం లాంటి సీఆర్ 2032 బ్యాటరీ చూసుకోవాలి. అది 3 వోల్టులది. రాత్రి లైట్లు ఆర్పేటప్పుడు మనం గోడ స్విచ్ కూడా తీసేస్తాం కదా! బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. చివరి తేదీనాడు దరఖాస్తు ఆగిపోవడానికి ఈ చిన్న బ్యాటరీ చాలు.

రెండో భాగంలో ఆలస్యమైతే

ఇక్కడ డిస్కును అనుమానించాలి. ఖర్చు తగ్గించడానికి పాత హార్డ్ డిస్కునే కొత్త కంప్యూటర్‌లో పెడుతుంటారు. ఒక చిన్న లెక్క చేద్దాం. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే సుమారు 4 మిల్లీ సెకన్లు. తల జరగడానికి మరో 8 అనుకుంటే మొత్తం 12. వేర్వేరు చోట్ల 5000 సార్లు చదవాల్సి వస్తే 60 సెకన్లు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. ఒక్కోసారికి 0.1 మిల్లీ సెకను అనుకున్నా అదే పని అర సెకనులో అయిపోతుంది! కాబట్టి డబ్బు తక్కువైతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గండి గాని విండోస్‌ను మాత్రం ఎస్‌ఎస్‌డీలోనే వేయండి. పాత డిస్కును పాటలకు, ఫైళ్లకు ఉంచుకోండి.

లైనక్స్ వాడేవారు టెర్మినల్‌లో సిస్టమ్‌డి-అనలైజ్ అనే ఆదేశం ఇస్తే ఏ దశకు ఎన్ని సెకన్లో విడివిడిగా చూపిస్తుంది.

మూడో భాగంలో ఆలస్యమైతే

ఇది మన చేతుల్లోదే. టాస్క్ మేనేజర్ స్టార్టప్ పేజీలో అవసరం లేనివి ఆపేయండి. రెండు యాంటీవైరస్‌లు ఒకే ఒరలో రెండు కత్తులు, ఒకటి తీసేయండి. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ చాలని చెప్పినా పని సాఫీగా సాగాలంటే 8 జీబీ ఉండాలి. కొత్తగా విండోస్ వేసిన తొలి రోజుల్లో అప్‌డేట్ల వల్ల నెమ్మదిగా ఉండటం సహజం.

చివరగా

తమ్ముళ్లూ, జ్వరం వచ్చిందని చెప్పగానే మందు ఇచ్చే డాక్టర్ కన్నా ముందు థర్మామీటర్ పెట్టే డాక్టర్ మేలు. మీరూ మూడు సమయాలు కాగితం మీద రాసుకున్నాకే షాపు మెట్లెక్కండి. "నెమ్మదిగా ఉంది" అన్నవాడికి దుకాణదారు ఏదైనా అమ్ముతాడు. "బొమ్మ రావడానికి 90 సెకన్లు, మిగతాదంతా 15 సెకన్లు" అన్నవాడికి అక్కరలేని డిస్కు అంటగట్టలేడు. ఇంట్లోవాళ్లు కష్టపడి పంపిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పగలగడం కూడా ఒక చదువే.