శఠగోపము – శాఠ్యము : ఒక పదవిచారము

శ్రీవైష్ణవాలయములలో తీర్థము స్వీకరించిన పిదప భక్తుడు తల వంచి నిలుచును. అర్చకస్వామి శఠారిని అతని శిరస్సున ఉంచును. దీనినే మనము శఠగోపము అందుము. ఆ క్షణమున భగవంతుని పాదములే తన తలపై సోకినట్లు భక్తుడు భావించును. అయితే ఆ భక్తుడే ఇల్లు చేరిన పిమ్మట, అప్పు తీసికొని ఎగవేసిన వానిని గూర్చి "వాడు నాకు శఠగోపము పెట్టినాడు" అనును. ఒకే మాట గుడిలో అనుగ్రహమును, వీధిలో మోసమును తెలుపుచున్నది. ఈ వైపరీత్యము ఎట్లు కలిగినది? దీనిని తెలిసికొనవలెనన్న మొదట "శఠ" శబ్దమును, దాని పరివారమును పరిశీలింపవలెను.

అమరసింహుడు నామలింగానుశాసనమున ప్రథమకాండలోని నాట్యవర్గమునందు మోసమునకు తొమ్మిది పేర్లు చెప్పినాడు. అవి కపటము, వ్యాజము, దంభము, ఉపధి, ఛద్మము, కైతవము, కుసృతి, నికృతి, శాఠ్యము అనునవి. ఇందలి "ఉపధి" వేరు, నేడు జీవనోపాయమను అర్థమున వాడుచున్న "ఉపాధి" వేరు. దీర్ఘము ఒక్కటే భేదమగుటచే విద్యార్థులు తరచుగా పొరబడుదురు. నాట్యమున లేనిది ఉన్నట్లు చూపుట కళ. బ్రదుకున అదే పని పరులకు హాని చేయుటకై చేసినచో మోసము. ఈ పదములు నాట్యవర్గమున చేరుట కూడ ఉచితముగనే తోచును.

పర్యాయపదములన్నంత మాత్రమున వాటి నడుమ భేదము లేదనరాదు. ఛద్మ శబ్దము కప్పుట అను అర్థము గల "ఛద" ధాతువు నుండి వచ్చినది. తలకు మరుగైన ఛత్రము కూడ ఆ ధాతువు నుండి పుట్టినదే. రావణుడు పరివ్రాజక వేషమున పంచవటికి వచ్చుట ఛద్మము. పాండవులు విరాటుని కొలువున మారువేషములతో ఒక యేడు గడుపుటయు ఛద్మమే. మొదటిది పరదారాపహరణమునకు, రెండవది ప్రతిజ్ఞాపాలనమునకు. కావున కప్పుట ఒక్కటే దోషము కాదు. దేనికై కప్పుచున్నామన్నది ముఖ్యము.

కైతవము "కితవ" శబ్దము నుండి కలిగినది. కితవుడనగా జూదరి. ఋగ్వేదము పదవ మండలములోని అక్షసూక్తమున ఈ కితవుని దుఃస్థితియే వర్ణింపబడినది. ఇల్లాలు దూరమై, అప్పులపాలై, పాచికలను విడువలేక వాడు పడు బాధ అందు కలదు. ఆడినవాడు తానే మోసపోవుట కైతవమున గల విశేషము. నికృతి యనగా ఎదుటివానిని కించపరచి క్రిందికి త్రోయు మోసము. సభాపర్వమున ధర్మరాజు శకునితో, నికృతితో కూడిన జూదము పాపమనియు, అందు క్షాత్రపరాక్రమము లేదనియు పలికెను. కుసృతి యనగా చెడుత్రోవ నడక. వ్యాజము నెపము, సాకు. దంభమును గూర్చి భగవద్రామానుజులు గీతాభాష్యమున ఇచ్చిన నిర్వచనము మిక్కిలి సూక్ష్మమైనది. ధార్మికుడను కీర్తి కొరకు ధర్మమును ఆచరించుటయే దంభమని వారి అభిప్రాయము. ఇందు చేయు పని మంచిదే. చెడిపోయినది ఉద్దేశము.

ఇక శాఠ్యము. శఠుని భావము శాఠ్యము. ధాతుపాఠమున శఠ ధాతువునకు కైతవమే అర్థముగా చెప్పబడినది. అలంకారశాస్త్రమున నాయకులు అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అని నలుగురు. వీరిలో శఠుడు ఎదుట ప్రియము పలుకుచు, చాటున అప్రియము చేయును. కావున నోటికిని మనసునకును పొత్తు లేకుండుటయే శాఠ్యము యొక్క ప్రాణము.

అట్టి శాఠ్యమునకు శత్రువు శఠారి. ఇది నమ్మాళ్వారుల తిరునామము. తామ్రపర్ణీ తీరమందలి తిరుక్కురుగూరులో అవతరించిన ఆ మహనీయుని శఠకోపులనియు వ్యవహరింతురు. శిశువు భూమిపై పడగానే శఠమను వాయువు సోకి పూర్వజ్ఞానమును కప్పివేయుననియు, ఆళ్వారు ఆ వాయువును కోపించి తరిమివేసినందున శఠకోపులైరనియు సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. గుడిలోని శఠారిపై భగవంతుని పాదుకలుండును. వాటిని తలదాల్చిన పీఠమే ఆళ్వారు. అది మన తలపై ఉన్నప్పుడు ఆచార్యుని ద్వారమున స్వామి పాదములు మనకు లభించుచున్నవని భావము.

శఠకోపము శఠగోపమగుటకు కారణము ఉచ్చారణమే. తమిళమున అచ్చుల నడుమ కకారము గకారముగా పలుకబడును. ఆ పలుకుబడి మన దేశమునకును వచ్చినది. కొందరు దీనిని "గోప్యము" నుండి సాధించి, రహస్యమైన కోరికను కోరుకొనుటయే శఠగోపమని చెప్పుచున్నారు. భక్తితో చెప్పిన మాటయే గాని అది శబ్దవ్యుత్పత్తి కాదు.

మరి తెలుగున మోసమను అర్థము ఎట్లు వచ్చినది? మన వాడుకలో "టోపీ పెట్టుట", "కుచ్చుటోపీ పెట్టుట" అనగా మోసగించుటయే. ఆ వరుసలోనే తలపై పెట్టు శఠగోపమును పరిహాసముగా చేర్చి యుందురని తోచుచున్నది. శఠగోపము తలపై పెట్టినట్లే పెట్టి తీసివేయబడును, చేతికేమియు మిగులదు అను వెటకారమును అందు ఉండవచ్చును. జనుల నాలుకపై స్థిరపడిన మాటను పండితులు నిషేధింపజాలరు. కాని శాఠ్యమునకు వైరియైన దాని పేరే శాఠ్యమునకు పేరైనదని మనమెరిగి యుండవలెను. పిల్లలకును తెలుపవలెను.

ఇక్కడ ఒక సందేహము. కపటముతో వచ్చినవానిని భగవంతుడు గ్రహించునా? విభీషణుడు శరణు కోరి వచ్చినపుడు సుగ్రీవుడు శంకించెను. మిత్రభావముతో వచ్చినవానిని, వానియందు దోషమున్నను, విడువనని శ్రీరాముడు పలికెను. మిత్రుని వలె నటించి వచ్చినను విడువడని మన పూర్వాచార్యులు ఆ మాటను విస్తరించిరి. శరణాగతి స్వామి కృపకు ఒక వ్యాజమాత్రమని శ్రీ వేదాంతదేశికుల సిద్ధాంతము. మోసపు పేర్లలో ఒకటైన వ్యాజ శబ్దము ఇచట కరుణకు నెపమైనది! సారంగు తమ్మయ్య వైజయంతీవిలాసమున చెప్పిన విప్రనారాయణుని కథయు ఇట్టిదే. దేవదేవి భక్తురాలి వేషమున వచ్చి ఆయనను వంచించెను. రంగనాథుడు ఆయన పరిచారకుని వేషమున పోయి బంగారు గిన్నెను ఆమె కిచ్చెను. ఆమె వేషము ఆయనను పడద్రోసినది. స్వామి వేషము ఆయనను లేవనెత్తి, తొండరడిప్పొడి ఆళ్వారును చేసినది.

అయితే ఇది మన శాఠ్యమునకు అనుజ్ఞ కాదు. తూకమున తగ్గించి, ఆ లాభమున కొంత హుండీలో వేయువాడును, భాగపంపకమున తమ్ముని వంచించి కొండకు మ్రొక్కు చెల్లించువాడును స్వామిని తమ మోసమున భాగస్వామిని చేయజూచుచున్నారు. శ్రీమద్భాగవతము మొదటి అధ్యాయముననే తాను బోధించు ధర్మము కైతవమును పూర్తిగా విడిచినదని చెప్పుచున్నది. మోక్షముపై గల ఆశ సైతము ఆ కైతవమున చేరునని శ్రీధరస్వామి వ్యాఖ్య. మోక్షాపేక్షయే కైతవమైనచో, తమ్ముని సొత్తుతో చేసిన మ్రొక్కు సంగతి చెప్పనేల?

శాఠ్యమునకు ఎదురుమాట ఆర్జవము. ఇతరుల యెడ మనస్సు, వాక్కు, శరీరము ఏకరూపమున నుండుటయే ఆర్జవమని భాష్యకారులు. ఇకపై శఠారి శిరస్సున సోకినపుడు కోరికలను తలచుటకు ముందు, "నేడు ఎవరి యెడలనైన శాఠ్యము చేసితినా?" అని ఒక్క క్షణము విచారించుకొందము. చేసియున్నచో, ఇంటికి పోయి వారిది వారికి ఒప్పగింతము. అట్టి వానికి శఠగోపము సార్థకమగును.